అంకుల్ మింగిన మాట

అమెరికాలో, షామ్‌బర్గ్‌లో మా పక్కింటి అంకుల్ ఎవరేమడిగినా సగం జవాబుతో వదిలేవారు కాదు. దారి అడిగితే వాళ్ళ కారులో తానే ఎక్కి కూర్చునేవారు. అడిగిన మనిషికి చెప్పకపోవడమంటే, ఆయన లెక్కలో, ముఖం మీద తలుపు వేయడమే.

అలాంటి మనిషి మీద, వీసా దరఖాస్తుల్లో అబద్ధాలు రాశారని ఫెడరల్ కేసు పడింది. రుజువైతే జైలు. కేసు గురించి ఎవరితోనూ మాట్లాడవద్దని లాయరు గట్టిగా చెప్పారు. కానీ మనవాళ్ళు పరామర్శకు రాకుండా ఉంటారా? వచ్చినవాళ్ళకు ఆయన మొదటినుంచీ చెప్పకుండా ఉండగలరా?

లైబ్రరీలో చట్టం పుస్తకాలు చదువుకున్న ధైర్యంతో నేనూ ఒక మాట చెప్పాను. "అంకుల్, లాయర్‌కి చెప్పింది బయటికి రాదు. ఫ్రెండ్స్‌కి చెప్తే, రేపు కోర్టు వాళ్ళని పిలిచి అడగొచ్చు."

"మనవాళ్ళు నా మీద సాక్ష్యం చెప్తారామ్మా?" అని నవ్వారు.

"ఇష్టం లేకపోయినా చెప్పాల్సొస్తుంది అంకుల్."

ఆయన నవ్వు ఆగిపోయింది.

ఆ ఆదివారం నేను వాళ్ళింట్లో ఉండగానే ఆయన ప్రాణస్నేహితుడు వచ్చారు. సోఫాలో కూర్చుంటూనే, "ఏందిరా ఇదంతా? ఆ పేపర్స్ మీద సైన్ చేసింది నువ్వేనా?" అని అడిగారు.

అంకుల్ నోరు తెరిచి, మూసుకున్నారు. "ముందు ఇడ్లీ తిందువు రా" అన్నారు.

"నాకు కూడా చెప్పవన్నమాట." స్నేహితుడు ప్లేటు ముట్టకుండానే వెళ్ళిపోయారు.

కారు మలుపు తిరిగేదాకా అంకుల్ గుమ్మంలోనే నిలబడ్డారు. "వాడు కోర్టు మెట్లెక్కకుండా చూసుకుందామనే కదమ్మా ఇదంతా. ఆ ఒక్క మాటైనా వాడికి చెప్పొచ్చా?"

"అంతవరకే చెప్పొచ్చు అంకుల్" అని నేను పూర్తిచేసేలోపే ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టేశారు.