లోపలి పక్క అరిగిన బూట్లు

ఇబ్రహీంపట్నం బస్టాండులో, మా అమ్మాయి బడి బూట్లకు కుట్టు వేయించి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మంచాల బస్సు కోసం చూస్తున్న ఒక ముసలామె నా పక్కన చేరి, అడక్కుండానే ఒక బూటు తీసుకుని తిరగేసింది. మడమ దగ్గర లోపలి పక్క మాత్రమే బాగా అరిగిపోయి ఉంది. ఆమె అక్కడ బొటనవేలు ఆనించింది.

"ఎవ్వలియి కొడుకా?"

"మా బిడ్డయి అవ్వా. ఎన్ని కొన్నా గట్లనే అరగదీస్తది. పొద్దుగూకితే కాళ్లు గుంజుతున్నయంటది."

"కొట్టినవా?"

నవ్వాను. "సక్కగ నడువమని రెండు ఏసిన."

ఆమె నవ్వలేదు.

"నా కొడుకుయి గూడ గిట్లనే అరుగుతుండె. నేను కట్టెతోటి కొట్టిన. అడుగేస్తే పాదం లోపలికి వాలుతదంట, గందుకే మోకాళ్లు నొస్తున్నయని దవాఖానల చెప్పిన్రు. అప్పటికే వాడు పెద్దగయిండు."

"ఇప్పుడెట్లున్నడు?"

"నొప్పి జర తక్కువైంది. కని నేను ఇంట్ల ఉంటే లేచి నడువడు. నేను బయటికి పోయేదాక కూసునే ఉంటడు. గందుకే పొద్దున లేస్తే ఏదో ఒక బస్సెక్కుత."

బస్సు వచ్చింది. బూటును నా ఒళ్లో రెండోదాని పక్కన సరిగ్గా పెట్టి వెళ్లిపోయింది. పేరు కూడా అడగలేదు నేను.

ఇంటికి వెళ్లాక అమ్మాయిని పిలిచాను.

"గోడ దాక నడువు బిడ్డా, ఏమనను."

వెళ్లి తిరిగి వచ్చింది. పాదం ఒక్కసారి కూడా లోపలికి వాలలేదు. నడిచినంతసేపూ నా చేతినే చూసింది.