ముప్పై ఒకటి సరి కాదు

మొన్న తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ల బాస్కెట్‌బాల్ కోర్టుకు మూడు పాయింట్ల గీత వేస్తుంటే, ఆ గీత చూసి మేనత్త మీద నేను పెంచుకున్న అనుమానం గుర్తొచ్చింది.

తొంభైల చివర, మాదాపూర్ గుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజులు. మేం హఫీజ్‌పేట్‌లో ఉండేవాళ్లం. పదేళ్ల నేను కాలనీ ఆటలో ఒక్కదాన్నే ఇరవై పాయింట్లు కొట్టి, ఇంట్లో రికార్డు నాదేనని చాటుకున్నాను.

"మా జమానాల నేను కాలేజి మ్యాచ్‌ల ముప్పై ఒకటి కొట్టిన బిడ్డా," అంది అత్త, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

నా రికార్డు ఒక్క పూటైనా బతకలేదు. అన్నం సయించలేదు. తమ కాలంలో మూడు పాయింట్ల గీత లేదని అత్తే ఓసారి చెప్పింది. బంతి బుట్టలో పడ్డప్పుడల్లా రెండే పాయింట్లయితే బేసి సంఖ్య ఎలా వస్తుంది? దొరికింది దొంగ!

"ముప్పై ఒకటి సరి కాదత్తా!"

"ఏంది సరి కాదు?"

"సరి సంఖ్య కాదు. అందుకే సరి కాదు."

అత్త పకపకా నవ్వింది. "ఓ లెక్కల మేడం! ఫౌల్ జేస్తే ఫ్రీ త్రో ఇయ్యరా? ఒక్కోదానికి ఒక్క పాయింటు. నన్ను ఆపలేక గుంజిన్రు, పడగొట్టిన్రు. గట్ల పదకొండొచ్చినయి," అంటూ మోకాలి మీద మచ్చ చూపించింది.

రిఫరీ లేని మా ఆటలో ఫౌల్ అంటే కొట్లాటే, పాయింటు కాదు. ఆ మచ్చ సైకిల్ మీంచి పడితే వచ్చిందేమోనని ఇంకో వారం అనుమానించాను.

నా ఇరవైని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. ఆ రోజు నన్ను ఆపడానికి వచ్చినవాళ్లంతా రెండో తరగతి పిల్లలు.