నర్సింలు పేరు తెర మీద పడిన రోజు

2013 ఎండాకాలం. శంషాబాద్‌లో ఒక పాత థియేటర్‌కు అప్పుడు నేను మేనేజర్‌ని. రీళ్ల రోజుల్లో అక్కడే ఆపరేటర్‌గా చేరాను. సినిమా డిజిటల్ అయ్యాక రీళ్లు పోయి సర్వర్ వచ్చింది. అంటే సినిమా మొత్తం నిల్వ ఉండే యంత్రం. మీట నొక్కడానికి వేరే మనిషెందుకని మా యజమాని రెండు పనులూ నాకే అంటగట్టాడు.

ఆ వారం ఒక కామెడీ వచ్చింది. కథానాయకుడికి ఫోన్ లేనిదే పొద్దు గడవదు. సొంత ఇంటికి దారి కూడా ఫోన్‌నే అడుగుతాడు. ఒకరోజు ఆ ఫోన్ పోతుంది. ఇక చూడండి వాడి అవస్థ. మొదటిరోజు ప్రొజెక్టర్ బూత్ కిటికీలోంచి జనాన్ని చూస్తున్నాను. తెర మీద ఫోన్ మోగగానే హాల్లో సగంమంది చేతులు జేబుల్లోకి వెళ్లాయి. ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వారు.

నాకు హాల్లో ఫోన్ వెలుగు కనబడితే ఒళ్లు మండుతుంది. ఇదే అదను అనుకుని మర్నాడు గేటు దగ్గర ఒక బల్ల వేయించాను. ఫోన్ అప్పగించి సినిమా చూస్తే ఇంటర్వెల్‌లో సమోసా ఉచితం. గుడి ముందు చెప్పుల స్టాండ్‌లో ఇచ్చినట్టు ఒక టోకెన్ ఇస్తాం. గేట్‌కీపర్ మల్లేశం మాత్రం గొణిగాడు. "ఎవరిదన్న అర్జెంటు ఫోనొస్తే ఏం జేద్దాం సార్?"

"ఫోన్లు లేనప్పుడు జనం బతకలేదా?" అన్నాను. ఆ తెలివి నాదే.

మ్యాట్నీ మొదలైన అరగంటకు నలభై ఏడో నంబర్ ఫోన్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. నాలుగోసారి విసుగొచ్చి ఎత్తాను.

"నర్సింలు గారూ, నా బ్యాగు మీ కారులో ఉండిపోయిందండీ! పాస్‌పోర్టు అందులోనే ఉంది!" ఆడమనిషి గొంతు.

నేను నర్సింలును కానని చెప్పి, వివరం అడిగాను. ఆమె పేరు సుజాత, నర్సు. ఏలూరు వైపు నుంచి వచ్చి రాజేంద్రనగర్‌లో అక్క దగ్గర ఉంటోంది. మస్కట్‌లో ఆసుపత్రి ఉద్యోగం. రెండు గంటలకు కారు దిగి, బయటే కూర్చుని అక్క కట్టిచ్చిన అన్నం తిని, లోపలికి వెళ్లబోతూ చూసుకుంటే చిన్న బ్యాగు లేదు.

"మూడుంముప్పావుకి కౌంటర్ మూసేస్తారటండీ. రేపు చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. రెండేళ్లు తిరిగితే వచ్చిందండీ" అంది.

గడియారంలో మూడు కావస్తోంది. మల్లేశాన్ని అడిగితే గుర్తుపట్టాడు. నర్సింలు కొత్వాల్‌గూడ మనిషి, ఎయిర్‌పోర్టు కారు నడుపుతాడు. కారు మా ఆవరణలోనే ఉంది గాని తాళాలు అతని జేబులో ఉన్నాయి. అతనేమో చీకట్లో మూడొందల మంది మధ్య ఉన్నాడు. టోకెన్ మీద సీటు నంబర్ రాయాలన్న ఆలోచన నాకు తట్టలేదు.

పాత పద్ధతి గుర్తొచ్చింది. వెనకటికి ఎవరికైనా కబురొస్తే స్లైడ్ వేసేవాళ్లం. నల్ల ఇంకు పూసిన గాజుపలక మీద సూదితో గీకి, దాన్ని స్లైడ్ ప్రొజెక్టర్‌లో పెడితే నడుస్తున్న బొమ్మ మీదే అక్షరాలు తెల్లగా పడతాయి. మూల పడేసిన ప్రొజెక్టర్ దుమ్ము దులిపాను. ఇంకు పూసిన పలకలు రెండు మిగిలాయి. ఒకదాని మీద గీకాను: "కొత్వాల్‌గూడ నర్సింలు, నీ ఫోన్ మోగుతోంది, వెంటనే గేటు దగ్గరికి రా."

నా ఖర్మ, సరిగ్గా అప్పుడే తెర మీద కథానాయకుడు మంచం కింద ఫోన్ వెతుక్కుంటున్నాడు. హాలు హాలంతా ఈలలు, చప్పట్లు. ఇదీ సినిమాలోదే అనుకున్నారు. బయటికి ఒక్కరూ రాలేదు.

ఇక లాభం లేదని ఆట ఆపేసి లైట్లు వేశాను. ఆట మధ్యలో ఆపడం నా సర్వీసులో అదే మొదటిసారి. తెర ముందుకు పరుగెత్తాను. జనం గోల.

"గింత మంచి సీన్ల ఆపుతవేంది అన్నా?"

"నర్సింలు ఎవరు? అది సిన్మ కాదు, నిన్నే పిలుస్తున్న! నీ కార్ల ఒకామె పాస్‌పోర్టు ఉండిపోయింది, విమానం పోతది!" అని అరిచాను.

గోల ఆగిపోయింది. నడిమి వరసలో సన్నటి మనిషి లేచాడు. "నేనే అన్నా. సిన్మల నా పేరు పెట్టిన్రని ఖుషీ అయిన" అంటూనే సీట్ల మీద నుంచి దూకాడు. జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఫోన్ అతని చేతిలో పెట్టి, నా నంబర్ కూడా ఇచ్చాను. అతను కారు తీసేసరికి మూడు దాటి పన్నెండు నిమిషాలైంది.

ఆట మళ్లీ మొదలుపెట్టాను గాని హాల్లో నవ్వులు పలచబడ్డాయి. నేనైతే తెర వైపు చూడనే లేదు. సమోసా ఆశ పెట్టి ఫోన్లు తీసుకున్నది నేను. ఆమె ఉద్యోగం పోతే ఆ పాపం నాదే. నాకు నిజంగా భయమేసింది. ఫోన్ల మీద అంత విరుచుకుపడే నేను నా ఫోన్‌ను అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

ఇంటర్వెల్‌కు కొద్దిగా ముందు అది మోగింది. నర్సింలే. "అందింది అన్నా. లోపలికి ఉర్కింది. కౌంటర్ల తీస్కున్నరని గిప్పుడే ఫోన్ జేసింది. జర ఏడ్చింది గూడ."

మిగిలిన రెండో పలక తీశాను. తొందరలో గీకితే అక్షరాలు వంకరపోయాయి: "బ్యాగు అందింది. ఆమె లోపలికి వెళ్లింది." ఈసారి సినిమా అనుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. మూడొందల మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బూత్‌లో ఒంటరిగా ఉన్నాను కాబట్టి నేను ఏడవడం ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రమే బల్ల తీయించాను. ఎవరి చేతిలోని వస్తువైనా వాళ్ల మంచికే తీసుకుంటున్నాననుకునే ముందు, దాని అవతలి కొసన ఎవరున్నారో ఆలోచించాలని ఆ రోజు తెలిసింది. ఫోన్ వెలుగు చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కాని వెళ్లి, "అర్జెంటైతే బయటికి పోయి మాట్లాడు బిడ్డా" అని మాత్రం అంటాను.

మర్నాడు నర్సింలు మిగతా సగం చూడటానికి వచ్చాడు. టికెట్ డబ్బులు వద్దన్నాను. అతను గేటు దగ్గరే ఆగి, నేను అడక్కుండానే చెప్పాడు.

"అన్నా, ఎఫ్ లైన్ల మూడో సీటు. రాస్కో."