జపాను సాకే, అమ్మ తరవాణి

మందు అన్న మాట చెవిన పడితే చాలు, మా అమ్మ మొహం మాడిపోతుంది. నాన్నని తాగుడే తినేసింది మరి. అప్పట్నుంచీ నాతో ఒకటే మాట: "నీ నోట ఆ వాసన తగిలిననాడు నాను ఈ ఇంట్లో ఉండను." అన్నంత పనీ చేసే మనిషి.

ఓడల్లో పనిచేసే మా అక్క మొగుడు జపాను నుంచి మూడు సీసాల సాకే, అంటే అక్కడి మందు, తెచ్చాడు. పోయిన వేసవిలో ఒక ఆదివారం, అమ్మ చర్చికి వెళ్ళిందో లేదో, మద్దిలపాలెంలో మా వంటింట్లో దుకాణం పెట్టేశాడు. నేను వాసన పైకి రాకుండా ఎండు నెత్తళ్ళ చేపలు వేయించడం మొదలెట్టాను. నెత్తళ్ళ ముందు ఏ వాసనైనా బలాదూరే.

మొదటిది నీళ్ళలా తేటగా ఉంది. చల్లగా తాగాలట. మాగిన అరటిపండు వాసన. రెండోదాన్ని సీసాతో సహా వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టాడు. అది గోరువెచ్చగా, అప్పుడే వార్చిన అన్నం వాసనేస్తూ, నెత్తళ్ళతో భలే కుదిరింది. మూడోది తెల్లగా, చిక్కగా, తియ్యటి పులుపు.

"బియ్యంతోటే సేత్తారు బామ్మరిదీ, బయపడతావేటి?" అన్నాడు.

గేటు చప్పుడైనప్పుడల్లా నేను గ్లాసు కింద పెట్టేస్తున్నాను. మళ్ళీ తీస్తున్నాను.

వెళ్ళేటప్పుడు బావ, ఆ తెల్లదాంట్లో మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టానన్నాడు. సీసా ఎక్కడ దాచాలా అని ఆలోచిస్తుండగానే అమ్మ ఎండలో పడి వచ్చింది. వేసవంతా మా ఫ్రిజ్‌లో తరవాణి ఉంటుంది, గంజి పులియబెట్టి స్టీలు గిన్నెలో మూతపెట్టి. చెప్పులు విడిచి నేరుగా వెళ్ళి, ఉప్పేసుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగింది. ఇంకో గ్లాసు పోసుకుంది.

"ఇయ్యాల తరవాణి తియ్యగుందేటిరా?"

పరుగెత్తి చూస్తే ఫ్రిజ్‌లో ఒకేలాంటి గిన్నెలు రెండున్నాయి. సీసా కనబడకూడదని బావ సాకేని గిన్నెలోకి వంచేశాడు!

అమ్మ అసలే షుగరు మనిషి, పొద్దున్నే మాత్ర వేసుకుంది. కళ్ళు తిరుగుతున్నాయంటూ మంచం మీద వాలింది. తెలిసిన డాక్టరుకి ఫోన్ చేస్తే, ఏదైనా తినిపించి షుగరు చూస్తూ ఉండు, పిలిస్తే పలక్కపోతే వెంటనే తీసుకొచ్చెయ్యి అన్నాడు. నాలుగు ముద్దలు తినిపించాను. నిద్రలో ఉంటే వేలు పొడిచి షుగరు చూశాను, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి చూశాను. ప్రార్థన చేసి ఏళ్ళయింది. ఆ మధ్యాహ్నం ప్రభువునీ పిలిచాను, నాన్ననీ పిలిచాను.

సాయంత్రానికి లేచి కూర్చుంది. దాచలేక చెప్పేశాను. బట్టలు సర్దుకుని అక్కింటికి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు, తిట్టనూ లేదు. నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్క గలాసుతో ఆపలేకపోనానురా. ఇంకా ఉందేమోనని గిన్ని మూత మళ్ళీ తీసినాను. నాకే ఇలగుంటే, ఆయన కొడుకువి, నీకెలగుంటాదిరా?"

అప్పుడు నా మనసులో మెదులుతున్నది, ఆ గిన్నెలో ఇంకా ఎంత మిగిలి ఉంటుందా అని.