ఉత్తుత్తి ఇంటర్వ్యూ, ఉన్న ఒక్క టీచరు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి ఉండే జ్ఞానం ఆ తర్వాత ఎప్పుడూ ఉండదు. డిగ్రీలో సైకాలజీ చదివి, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్ నుంచి కలకత్తాలో సాల్ట్ లేక్ దాకా లోకల్ రైలూ బస్సూ మారి వెళ్ళే ఆ రోజుల్లో నేను చేసే పని, బడులు నడిపే పెద్దలకు స్పెషల్ టీచర్లను ఎలా తెచ్చుకోవాలో, వచ్చినవాళ్ళు పారిపోకుండా ఎలా చూసుకోవాలో నేర్పడం. (మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లలకు, కుదురుగా కూర్చోలేని పిల్లలకు, చిన్న శబ్దానికే బెదిరిపోయే పిల్లలకు చదువు చెప్పడం నేర్చుకున్నవాళ్ళే స్పెషల్ టీచర్లు. దొరకడం కష్టం, దొరికినా ఉండడం కష్టం.) అంతకుముందు నేను ఎవరినీ ఉద్యోగంలో పెట్టుకున్నదీ లేదు, నిలుపుకున్నదీ లేదు. అనుభవం అడ్డు రాదు కాబట్టి ధారాళంగా చెప్పేవాణ్ణి.

మా సంస్థ చిన్నది. నడిపేది ఒక బెంగాలీ ఆవిడ, అందరం దీదీ అనేవాళ్ళం. నేను చేరేసరికి ఆఫీసులో కుర్చీలు అయిపోయాయి. రెండు రోజుల్లో కొత్త కుర్చీ వస్తుందని చెప్పి, దీదీ నన్ను ఒకదాని మీద ఒకటి పేర్చిన శిక్షణ పుస్తకాల పెట్టెల మీద కూర్చోబెట్టింది. సిబ్బంది ఎందుకు వెళ్ళిపోతారు అన్న విషయం మీద దీదీయే రాసిన పుస్తకాలవి. శిక్షణ జరిగినప్పుడల్లా కొన్ని పంచేవాళ్ళం, నేను ఆ మేరకు కిందికి దిగేవాణ్ణి. బల్ల మాత్రం దిగేది కాదు.

అలా గడ్డం బల్లకు ఆనే స్థితిలో ఉండగా, నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. హెడ్మాస్టర్లను మాత్రమే పిలిచి ఉపన్యాసాలు ఇచ్చే బదులు, వాళ్ళ స్పెషల్ టీచర్లను కూడా రమ్మందాం. ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెడదాం. ఒక బడి హెడ్డు ఇంకో బడి టీచర్ని ప్రశ్నలడుగుతాడు, మొహమాటం ఉండదు. దీదీ "ఖూబ్ భాలో" అంది. మెచ్చుకున్నందుకు ఉప్పొంగిపోయి, మా నాన్న స్నేహితుణ్ణి కూడా పిలిచాను. ఆయన రేవు దగ్గర, ఓడల్లో సరుకు దించే మన శ్రీకాకుళం వాళ్ళ పిల్లలు చదివే చిన్న బడికి హెడ్మాస్టరు. నేను బాబాయి అంటాను. ఆయన బడికి ఉన్నది ఒకే ఒక్క స్పెషల్ టీచరు. కార్పొరేషన్‌లో పనిచేసే తెలుగువాళ్ళమ్మాయి. ఏం చెప్పినా "మెల్లగా, మెల్లగా" అంటుందని పిల్లలు ఆవిడకు మెల్లగా టీచర్ అని పేరు పెట్టారు. ముందున్నవాళ్ళు ఎవరూ ఏడాది నిలవలేదు కాబట్టి బాబాయి ఆవిణ్ణి బయటకు తీసుకురావడానికే భయపడ్డాడు.

"అంతమంది పెద్ద బడులోలొస్తారు గదా, మా టీచర్ని ఎవులైనా ఎత్తుకుపోరు కదేటి బావూ?"

"ఇది నిలుపుకోవడానికి శిక్షణ బాబాయ్," అని నవ్వాను. ఆ నవ్వు నాకిప్పటికీ బాగా గుర్తు.

ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. తెర మీద నేను పెద్ద అక్షరాలతో 'నిజమనుకుని చేయండి' అని వేశాను. బాబాయి ఎదుట సాల్ట్ లేక్ బడి టీచరు కూర్చుంది. లెక్కలు కూడా చెప్పగలవా, బెంగాలీ మాస్టారు రాకపోతే ఆ క్లాసు చూసుకుంటావా, ఆటల పోటీలకు బ్యానరు రాస్తావా అని బాబాయి ఆశగా అడుగుతూ పోయాడు. ఉత్తుత్తి ఉద్యోగానికి కూడా ఆవిడ ఒప్పుకోలేదు. పక్క బల్ల దగ్గర న్యూ టౌన్‌లో పెద్ద బడి ప్రిన్సిపల్ మేడమ్ మన మెల్లగా టీచర్ని శ్రద్ధగా ప్రశ్నలడిగి, జవాబులు శ్రద్ధగా విని, ఏసీ గది, ఇంటి దగ్గరికి వచ్చే బస్సు, ఇద్దరు సహాయకులు ఇస్తానని చెప్పి, సోమవారం వచ్చి చేరమంది. విజిటింగ్ కార్డు కూడా ఇచ్చింది. ఇది ఆట మాత్రమేనని నేను పరిగెత్తుకెళ్ళి గుర్తుచేస్తే, ఆవిడ మర్యాదగా తెర వైపు చూపించింది. ఆ వాక్యం రాసింది నేనే కనక వాదన ఎక్కువసేపు సాగలేదు.

భోజనాలకు బిరియానీ పొట్లాలు వచ్చాయి. బాబాయి, ఇక్కడి బిరియానీలో అందరూ ముందు వెతుక్కునే బంగాళాదుంపను కూడా ముట్టుకోలేదు. కలకత్తాలో స్థిరపడిన మనిషి విషయంలో ఇది చిన్న దుఃఖం కాదు. "నిలుపుకోడం నేర్పుతానని తీసుకొచ్చి ఉన్నదాన్ని ఊడగొట్టావు గదరా," అన్నాడు మెత్తగా. తిట్టి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం అంశం, వెళ్ళిపోతున్న టీచరుతో ఎలా మాట్లాడాలి. (ఇది కూడా ఉత్తుత్తిదే కావలసింది.) మెల్లగా టీచర్ని ఎదుట కూర్చోబెట్టి, బాబాయికి ప్రశ్నల కాగితం ఇచ్చాను. మొదటి ప్రశ్న, వృత్తిపరమైన మీ దీర్ఘకాలిక ఆకాంక్షలు ఏమిటి అని. ఆయన దాన్ని కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఎల్లిపోతావేటమ్మా?"

"ఎల్లాలని లేదు సార్."

"మరేటి కావాల నీకు?"

ఆవిడ చేతిలో కార్డు వైపు చూసింది. "ఆ ఇనప గంట తీయించండి సార్."

ఆ గంట సంగతి చెప్పాలి. రేవులో పనిచేసే తండ్రులు పాత ఓడ ఇనుప ముక్క ఒకటి మోసుకొచ్చి బడికి ఇచ్చారు. బడి మొత్తానికి గట్టి దూలం మెల్లగా టీచర్ గది ముందే ఉందని దాన్ని అక్కడ వేలాడదీశారు. గేటు దగ్గరి దర్వాను కొడితే నదిలో పడవలవాళ్ళు కూడా లేచి కూర్చునేవారు. బాబాయి దాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించి గర్వపడేవాడు. అది మోగితే తన పిల్లలు చెవులు మూసుకుని బల్లల కింద దూరుతారనీ, మళ్ళీ కూర్చోబెట్టేసరికి తర్వాతి గంట కొడతారనీ ఆవిడ చెప్పింది. చాలాసార్లే చెప్పాననీ, చెప్పినప్పుడల్లా సారు, ఎంత మంచి గంటోనని మెచ్చుకున్నారనీ కూడా చెప్పింది.

"దాన్దేవుంది, నా గది ముందు కట్టించుకుంతాను," అన్నాడు బాబాయి.

"మీకు ఫోను వినపడదు సార్."

"ఇన్‌స్పెక్టరు తప్ప ఎవులు చేస్తారు నాకు? ఇనపడకపోతేనే మంచిది."

ఆవిడ నవ్వింది కానీ వదల్లేదు. "మాస్టర్లు రానప్పుడల్లా నన్ను ఆ క్లాసులకి పంపుతున్నారు."

గంట తేలిక, ఇది బరువు. అది మెల్లగా చూద్దామన్నాడు బాబాయి. ఆవిడ చేతిసంచి భుజానికి తగిలించుకుంది.

"సరేనమ్మా, పంపను," అన్నాడు గబగబా. "ఈ బాబు సాచ్చికం."

సాక్ష్యానికి ప్రతిఫలంగా కాబోలు, ఆవిడ పోతూ పోతూ ఆ విజిటింగ్ కార్డు నా చేతిలో పెట్టింది. "నీకు పనికొస్తాదేమో తమ్ముడూ." ఆవిడ చూపు మూలన ఉన్న నా పెట్టెల మీద ఉంది. ఆ రోజు పుస్తకాలు బాగా పంచాం. మిగిలింది ఒకే పెట్టె.

మెల్లగా టీచర్ ఆ బడిలోనే ఉండిపోయింది. గంట బాబాయి గదికి మారింది. అప్పటి నుంచి ఆయన ఫోన్లో కూడా ఓడ కెప్టెన్‌లా అరిచేవాడు. ఆఖరి పెట్టె కూడా ఖాళీ అయిన వారంలో నేను ఆ కార్డు మీది నంబరుకు ఫోన్ చేశాను, ప్రిన్సిపల్ మేడమ్ నన్నూ సోమవారం వచ్చి చేరమంది. రాజీనామా చేసినప్పుడు దీదీ ఏం అడుగుతుందో నాకు తెలుసు. ఏం అడగాలో నేర్పింది నేనే కదా. జవాబు సిద్ధం చేసుకుని నిలబడ్డాను (కూర్చునే వీలు ఎటూ లేదు). దీదీ చాలా సంతోషమని చెప్పి, వెళ్ళేలోపు ప్రొజెక్టరు వైరు ఎక్కడ పెట్టావో చెప్పి వెళ్ళమంది.

ఇప్పుడు న్యూ టౌన్‌లో నా గదిలో తిరిగే కుర్చీ ఉంది, వచ్చినవాళ్ళకి ఇంకో రెండున్నాయి. కొత్తగా ఎవరు చేరినా ముందు వాళ్ళు ఎక్కడ కూర్చుంటారో చూస్తాను, ఇంట్లోవాళ్ళు దీన్ని చాదస్తం అంటారు. అప్పుడప్పుడు ఆ కుర్రాడు గుర్తొస్తాడు. పుస్తకాల పెట్టె మీద కూర్చుని, మనుషులు ఎందుకు వెళ్ళిపోతారో నగరానికంతటికీ చెప్పినవాడు. ఏటి కావాల నీకు అని వాణ్ణి ఒక్కరు అడిగి ఉంటే, కుర్చీ అని చెప్పేవాడు. చేతులున్నది కూడా కాదు, మామూలుదే. అది వస్తే ఉండిపోయేవాడేమో కూడా, వెర్రివాడు.