ఇప్పుడు పాపకి ఏ పుస్తకం?

బిష్టుపూర్‌లో ఆఫీసులో ఉండగా టీచరమ్మగారి కోడలు ఫోన్ చేసింది. "అక్కా, అత్తయ్య పోయారు. పొద్దున్న టీ తాగేరు, బాగానే ఉన్నారు..." అంటూ ఏడ్చింది. నేను అయ్యో అన్నాను. ఆ వెంటనే నాకు తోచింది మాత్రం, ఇక మా పాపకి పుస్తకాలు ఎవరిస్తారని. మనిషి పోయిందంటే ముందు అదెందుకు తోచిందో నాకు తెలియడం లేదు.

కద్మాలో మా పక్క వీధే ఆవిడది. కోస్తా నుంచి ఈ హిందీవాళ్ల ఊరికొచ్చి ఇక్కడి బడిలో తెలుగు చెప్పారు. రిటైరయ్యాక ముందుగదిలో పిల్లల పుస్తకాలు పెట్టుకుని, అడిగినవాళ్లకల్లా ఇచ్చేవారు. ఆదివారం చర్చి నుంచి రాగానే, చీరైనా మార్చుకోకుండా తలుపులు తీసి కూర్చునేవారు.

మా పాప తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది. విజయనగరంలో ఉన్న మా అమ్మ ఫోన్ చేస్తే, ఒక్క మాట మాట్లాడి నాకిచ్చేసేది. అందుకే అక్షరాలు నేర్పి, టీచరమ్మగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ముందు ఒక లావుపాటి కథల పుస్తకం చదివించాను. పాప ఎక్కడా ఆగలేదు. నాకు గర్వంగా ఉంది.

"కుందేలు ఎందుకు దాక్కుందే?" అన్నారావిడ.

పాప నా వైపు చూసింది. "ముఝే క్యా పతా?" అంది, తనకేం తెలుసని.

ఆవిడ పేజీకో వాక్యం ఉన్న బొమ్మల పుస్తకం ఇచ్చారు. గేదె గొడుగేసుకుని బజారుకెళ్లే కథ.

"ఏటండీ, ఇది మరీ చిన్నపిల్లలది కదా?" అన్నాను.

"నోటికొచ్చింది గాని బుర్రకెక్కలేదమ్మా. ఇది అట్టుకెళ్లనీ."

ఆ వారంలోనే పాప తనంతట తానే మా అమ్మకి ఫోన్ చేసింది. "అమ్మమ్మా, గేదె తడవలేదు!" అని అరిచింది. అవతల మా అమ్మ, "ఏ గేదే? ఎవరి గేదే?" అని కంగారుపడింది.

సరే, చిన్న పుస్తకాలే మంచివి కాబోలు అనుకున్నాను. వానాకాలం వచ్చేసరికి టీచరమ్మగారు బొమ్మల్లేని పుస్తకం ఇచ్చారు. చేపల వేటకెళ్లిన నాన్న కోసం సముద్రపొడ్డున ఎదురుచూసే పిల్ల కథ. పాప చదువుతూ ఏడ్చింది. నాకు కోపం వచ్చింది.

"అప్పుడు చిన్నది చాలన్నారు. ఇప్పుడిదేటండీ?"

"మాటలు తెలీక ఏడిసిందా, ఆ నాన్న రాలేదని ఏడిసిందా?"

నేను అడగలేదు.

"అడుగు. మాటలకేడిస్తే తెచ్చీ. కథకేడిస్తే దాని దగ్గరే ఒగ్గీ."

ఇంటికొచ్చి అడిగాను. "దోనో," అంది పాప. రెండూనట.

ఆ మాట చెబితే టీచరమ్మగారు దగ్గొచ్చేదాకా నవ్వారు. "అయితే నాకూ తెల్దమ్మా. ఇంకో వారం చూద్దాం."

ఆ పుస్తకం పాప సగమే చదివింది. తిరిగి ఇచ్చేద్దామంటే మాత్రం ఇవ్వలేదు.

భూస్థాపన అయ్యాక కోడలు, "మీకు కావాల్సినవి తీసుకెళ్లండక్కా," అంది. అలమార ముందు నిలబడ్డాను. ఒకటి తీస్తే సులువనిపిస్తుంది, లోపల పెట్టి ఇంకోటి తీస్తే కష్టమనిపిస్తుంది. మొదటిది మళ్లీ తీస్తే అదీ కష్టంగానే ఉంది.

ఈలోగా పాప ఏదో ఒకటి లాక్కుని, బూట్లతోనే నేల మీద చతికిలబడి, పైకి చదవడం మొదలుపెట్టింది. ఒకచోట ఆగింది. ఆ మాట నాకు తెలుసు. చెప్పాలో వద్దో తెలియలేదు. కోడలు నా వైపు చూసింది. పాప వేలు ఆ మాట కిందే ఉంది. పెదాలు మాత్రం చప్పుడు లేకుండా కదులుతున్నాయి.