తప్పు చెప్పడానికి వెళ్ళిన సోమవారం

మొన్న శనివారం మేముండే ఊరు ఫ్రిస్కోలో మా అబ్బాయి స్కూలు మైదానం పక్కన కారు దిగగానే, అప్పుడే కోసిన గడ్డి వాసనా తెల్ల గీతల పెయింటు వాసనా కలిసి గుప్పుమన్నాయి. వెంటనే డెన్ని కోచ్ గుర్తొచ్చారు. ఆయన ఉద్యోగం మొదలైంది ఇలాంటి గీతలు గీయడంతోనే. ఒక చిన్న ఊరి హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెబుతూ, సాయంత్రాలు ఫుట్‌బాల్ నేర్పుతూ, ఆటకు ముందురోజు గీతలు కూడా తానే వేసేవారట. అక్కణ్ణించి ఒక కాలేజీలో చిన్న అసిస్టెంటు, ఆ తర్వాత ఇంకో రెండు కాలేజీలు, చివరికి ప్రొఫెషనల్ జట్లు. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆయన పని డిఫెన్స్, అంటే అవతలివాళ్ళు ముందుకు రాకుండా ఆపడం నేర్పడం. ఇరవై రెండేళ్ళలో తొమ్మిది ఊళ్ళు మారారు. నాలుగుసార్లు ఉద్యోగంలోంచి తీసేశారు. "నేను చూడని ఊరు లేదు, నన్ను ఉంచుకున్న ఊరూ లేదు" అని పకపకా నవ్వేవారు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే, నాకు మాత్రం తెలుగులోనే గుర్తుండిపోయింది. నా బుర్ర అలాంటిది, ఏం చేయను!

నేను సాఫ్ట్‌వేర్ మానేసి ఆయన అప్పుడు పనిచేస్తున్న జట్టులో వీడియోలు చూసే ఉద్యోగంలో చేరితే, ఆటలు చూస్తే జీతమా అని మా చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. ప్రత్యర్థుల పాత ఆటలు చూసి, ప్రతిసారీ వాళ్ళ బలగం కుడివైపు చేరిందా ఎడమవైపు చేరిందా అని రాసిపెట్టడం నా పని. దాన్నిబట్టే కోచ్ వారమంతా మావాళ్ళకు ఎక్కడ నిలబడాలో నేర్పుతారు. మైదానానికి రెండు చివరలా కెమెరాలుంటాయి. ఇటునుంచి కుడి అయింది అటునుంచి ఎడమ. ఆ సంగతి తెలియక కాదు, తొందరలో ఒక ఆట మొత్తం అవతలి చివర కెమెరాలోంచి చూసి రాసేశాను. ప్రత్యర్థులు పద్ధతి మార్చాక ఆడిన ఆట అదొక్కటే కాబట్టి కోచ్ దాన్నే నమ్ముకున్నారు. ఆదివారం వాళ్ళు మేం కాపు కాయని వైపునుంచే హాయిగా దూసుకుపోయారు. మావాళ్ళు సర్దుకునేసరికి ఆట చేజారిపోయింది.

ఇంటికొచ్చి ఫైలు తెరిచి చూసుకుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా ఆయన రవి వెనక నిలబడి అన్నాడు, "వాళ్ళకి తెలిసిందా?"

"ఇంకా లేదు."

"అయితే ఊరుకో. ఫైల్ కరెక్ట్ చేసి సేవ్ చేసెయ్. జాబ్ పోతే సిక్స్టీ డేస్‌లో వీసాకి ఇంకో స్పాన్సర్‌ని ఎక్కడ వెతుకుతాం? నా వీసా కూడా నీ దానిమీదే కదా!"

అతనన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అందుకే నాకు ఒళ్ళు మండింది.

సోమవారం పొద్దున్నే కోచ్ గదికి వెళ్ళాను. దారంతా ఎలా చెప్పాలా అని మాటలు పేర్చుకున్నాను. తీరా వెళ్ళాక లాప్‌టాప్ తెరిచి చూపించాను. ఆయన రెండు కెమెరాల వీడియోలూ పక్కపక్కన పెట్టి చూశారు. ముఖం ఎర్రబడింది. "నీకెప్పుడు తెలిసింది?" అన్నారు.

"నిన్న సాయంత్రం, కోచ్."

"ఎవరైనా అడిగారా?"

"లేదు."

"సరే. మీటింగ్‌కి రా."

సోమవారం మీటింగ్‌లో ఆయనకో అలవాటుంది. ఆటగాళ్ళ తప్పులు చూపించేముందు తన తప్పు వీడియో వేస్తారు. ఆ రోజు అవతలివాళ్ళ మొదటి పరుగు వేసి, "ఒక్క ఆటను నమ్ముకుని ప్లాన్ వేశాను. నా కళ్ళతో సరిచూసుకోలేదు. ఈ తప్పు నాది" అన్నారు. వెనక వరుసలో నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ కూర్చున్నాను. నా పేరు రాలేదు. బయటికొచ్చాక, నా సంగతి నేనే వాళ్ళకు చెబుతానంటే కసిరారు. "నీది నువ్వు నాకు చెప్పావు. నాది నేను వాళ్ళకు చెప్పాను. ఇక వచ్చే ఆదివారం సంగతి చూడు."

సీజన్ అయ్యాక హెడ్ కోచ్‌తో పాటు ఆయన్నీ తీసేశారు. ఈ వృత్తిలో అది మామూలేనని అందరూ అన్నారు కానీ నా గుండెల మీది కుంపటి ఆరలేదు. వాళ్ళింటికి వెళ్ళాను. గరాజ్‌లో భార్యాభర్తలిద్దరూ పాత్రలు కాగితాల్లో చుడుతున్నారు. "నావల్లే కదా, కోచ్?" అని ఏడ్చేశాను.

ఆయన నవ్వారు. "ఎంత గొప్పదానివి! మనం పదకొండు ఆటలు ఓడాం. అందులో నీది ఒక్కటి. మిగతా పదీ నా కష్టార్జితం, వాటిని నేనెవరికీ ఇవ్వను."

ఏడుపులోనే నవ్వొచ్చింది. అప్పుడన్నారు, "నిన్ను ఉంచమని కొత్త హెడ్ కోచ్‌కి చెప్పాను. జరిగింది కూడా దాచలేదు. ఆయన ఒక్కటే అడిగాడు, అమ్మాయి తనంతట తానే వచ్చి చెప్పిందా అని. అవునన్నాను. నువ్వు ఉంటున్నావు."

హమ్మయ్య! ఆ గరాజ్ నేలమీదే కూలబడ్డాను. ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నెల తిరక్కుండా ఆయనకీ ఇంకో జట్టులో పని దొరికింది. పదో ఊరు. ఆ కబురు విన్నాకే నాకు అన్నం సయించింది.

ఇప్పటికీ నా పనిలో తప్పు కనబడితే ముందు ఫైలు సరిదిద్దను, లేచి వెళ్ళి చెప్పేస్తాను. భయం వేయదా అంటే, ఎందుకు వేయదు! చెప్పేశాక తిరిగి నా కుర్చీదాకా నడిచే ఆ నాలుగడుగులూ మాత్రం ఎంత హాయిగా ఉంటాయో!